కెరటంలో వదలని చెయ్యి

విశాఖ బీచ్‌లో సర్ఫింగ్ బల్లలు అద్దెకిచ్చే పాక కొత్తగా పెట్టినప్పుడు నేను అందులో పనికి కుదిరాను. మాది డుంబ్రిగుడ దగ్గర కొండవార పల్లె. బల్లలు మోయడం, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగడం నా పని. సర్ఫింగంటే ఏమిటో అప్పటికి చాలామందికి తెలీదు. వచ్చినవాళ్లు బల్ల పక్కన నిలబడి ఫోటోలు దిగి పోయేవారు.

తర్వాత పాఠాలు మొదలయ్యాయి. ఆడవాళ్లకు నేర్పడానికి ఆడమనిషి కావాలన్నాడు ఓనరు. నాకు ఆశ పుట్టింది. రోజూ సాయంత్రం పాక మూశాక బల్లెక్కి నిలబడటం నేర్చుకున్నదాన్ని. మింగిన ఉప్పునీళ్లకు లెక్కలేదు. నన్నూ ఎవరైనా టీచరని పిలవాలని ఉండేది. మా ఇంట్లో ఆ పిలుపు ఎవరికీ దక్కలేదు. ఓనర్ని అడిగితే, సరే, ఒక్క పాఠం చెప్పి చూపించమన్నాడు.

వచ్చినావిడది హైదరాబాదు. ఇసుకలో అన్నీ బాగానే నేర్పాను: బోర్లా పడుకోవడం, చేతులాన్చి ఒక్క ఊపున లేవడం. ఇక నీళ్లలో, కెరటం రాగానే బల్లను తోసి వదిలెయ్యాలి. పడితే పడతారు, పడితేనే నేర్చుకుంటారు. అది నాకూ తెలుసు. కానీ కెరటం లేచేసరికి ఆవిడ హడలిపోయి నా చెయ్యి పట్టుకుంది. వానాకాలం మా ఊరి వాగు, గెడ్డంటాం దాన్ని, పొంగితే అందరం వరసగా చేతులు పట్టుకుని దాటుతాం. "గట్టెక్కేదాకా సెయ్యి ఒగ్గీకు" అని అమ్మ చెప్పింది నాకు ఒంటపట్టిన మాట. నేను వదల్లేదు. బల్ల తిరగబడింది, ఇద్దరం మునిగాం. ఆవిడ మోచెయ్యి కాస్త గీసుకుంది, అంతే.

ఎందుకు వదల్లేదని ఓనరు అడిగితే గెడ్డ సంగతి చెప్పాను. అందరి ముందూ అన్నాడు. "వదిలేయమంటే వదలవేటి? గెడ్డకీ సముద్రానికీ పోలికా? కొండోళ్ల గుంటవి, బల్లలు కడుక్కో."

ఇంకొక్కసారి చూడమని అడిగాను. వినలేదు. అక్కడ నేర్పే మగపిల్లలు తమ తొలి పాఠాల్లో ఎవరెవర్ని ముంచారో నేను కళ్లారా చూశాను. వాళ్లనెవరూ మీది ఏ ఊరని అడగలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ వారంలోనే పట్నం అమ్మాయిని టీచరుగా పెట్టుకున్నాడు. హైదరాబాదు ఆవిడ వెళ్లేముందు అతనితో చెప్పిందట, ఆ పిల్ల చెయ్యి వదల్లేదు కాబట్టే మళ్లీ నీళ్లలో దిగే ధైర్యం వచ్చిందని. మర్నాడే ఫ్లెక్సీ కొట్టించాడు: 'కెరటంలోనూ మీ చెయ్యి వదలం.' కింద కొత్త టీచరు ఫోటో. రోజూ పొద్దున్నే దాన్ని ఇసుకలో నిలబెట్టి కట్టేది నేనే.