‘ఇంటి మద్దతు’కు సున్నా

పిల్లల క్రికెట్‌లో ప్రతిభను వెతికేవాళ్లు రాసే రిపోర్టులు కొన్నేళ్లు చదివాను. ఆ కాగితాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో నాది ఆఫీసు ఉద్యోగం. వారాంతాల్లో హారో దగ్గర ఒక మైదానంలో స్కోరు రాసేవాణ్ని. లెక్కలు తెలిసినవాడినని జట్టు ఎంపిక కమిటీ నాకొక పని అంటగట్టింది: ఎవరి రిపోర్టులు నమ్మవచ్చో తేల్చిపెట్టడం.

రిపోర్టులు రాసేవాళ్లలో మన తెలుగాయన ఒకరుండేవారు. రిటైరైన డాక్టరు, అందరికీ అంకుల్. ఆయన వద్దన్న పిల్లల్లో ఒక్కరూ తర్వాత పైకి రాలేదు. ఏం కన్నురా బాబూ అని మురిసిపోయి, ఆయన రిపోర్టులు ‘పూర్తిగా నమ్మదగినవి’ అని రాసిచ్చాను. ఆయన వద్దన్నాక ఆ పిల్లల్ని ఎవరూ ఆడనివ్వలేదు, ఆడనివాళ్లు పైకెలా వస్తారు? ఆ మాత్రం నా బుర్రకు తట్టలేదు. చదివిన చదువంతా ఏ గంగలో కలిసిందో!

లండన్ ఒలింపిక్స్ అయిన మరుసటి వేసవిలో అమ్మాయిల ఎంపిక మ్యాచ్ జరిగింది. ఫాస్ట్ బౌలింగ్ వేసే ఒక తెలుగు పిల్లకు, వయసు రీత్యా, అదే చివరి అవకాశం. లంచ్ తర్వాత బంతి అందుకుని తొలి ఓవర్లోనే ఇద్దరిని బౌల్డ్ చేసింది. అంకుల్ అప్పటికే మైదానంలో లేరు. లంచ్‌లో, ఆసుపత్రిలో పెద్ద డాక్టరైన ఒక కన్సల్టెంట్ గారింటి పులిహోర తిని, వాళ్ల ఊరూ బంధువులూ కనుక్కుని వెళ్లిపోయారు.

వారానికి రిపోర్టు వచ్చింది. రెండు బంతులకే అవుటైన కన్సల్టెంట్ కూతురిది ‘నిలకడ గల స్వభావం’ అట. ఈ పిల్లకు ‘వేగం చాలదు’. కింద ‘ఇంటి మద్దతు’ గడిలో సున్నా. ఫోన్ చేశాను.

“ఆ పిల్ల బౌలింగ్ మీరు చూడలేదు కదా అంకుల్?”

“చూడాలేంటి బాబూ? లంచ్‌కి అందరి అమ్మానాన్నలూ వచ్చారు. ఆ పిల్ల ఒక్కతే ఓ మూల శాండ్‌విచ్ తింటా కూర్చుంది. పట్టించుకునేవాళ్లు లేని పిల్ల ఎన్నాళ్లు ఆడుద్ది? ఎన్ని సంబంధాలు కుదిర్చాను నేను! ముందు ఇల్లు చూడాల.”

పెళ్లిచూపులకు వెళ్లొచ్చినట్టు మాట్లాడాడు. ఛీ అనిపించింది. ఆ క్షణం నుంచి ఆ మనిషిని ‘అంకుల్’ అనడం నా వల్ల కాలేదు. కమిటీకి మొరపెట్టుకుంటే, ‘పూర్తిగా నమ్మదగినవి’ అన్న నా కాగితమే తీసి నా ముందు పెట్టారు.

తర్వాతి ఆదివారం కార్ పార్కులో ఆ పిల్ల తల్లి నన్ను ఆపింది. లండన్ ఆ చివర ఈస్ట్ హామ్‌లో ఉంటూ, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పని చేస్తుంది. ఒంటిమీద ఇంకా యూనిఫామే ఉంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా కూతుర్ని తీసుకొస్తుందట. తిరిగి వెళ్లేటప్పుడు స్టీరింగ్ మీద కునుకు పడకుండా, మ్యాచ్ అయ్యేదాకా కారులోనే పడుకుంటుందట. ప్రతిసారీ ఇంతేనట.

“మా పాపలో లోపమేంటన్నయ్యా? చెప్తే దిద్దుకుంటాం.”

“మమ్, లీవ్ ఇట్,” అంటూ కూతురు చెయ్యి పట్టి లాగింది.

దాచడం చేతకాక ఆ గడి సంగతి చెప్పేశాను.

“అయితే ఆ రోజు నేను నిద్రాపుకుని అక్కడొచ్చి కూర్చుంటే సరిపోయేదా?”

సరిపోయేది. అంతకన్నా రోత పుట్టించే నిజం నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. అవునన్నాను.

ఆమె కూతురి వైపు తిరిగి, “సారీ రా తల్లీ, తప్పు నాదే,” అంది. ఆ తప్పు చేసినవాణ్ని నేను, ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాను.