అక్క కోసం మారినవాడు

ప్రార్థన మందిరంలో అందరూ సోఫా బాబాయిని 'మారినవాడు' అనేవారు. చిరిగిన సోఫాలు బాగుచేయడం అతని పని. ఆ పేరు మాత్రం వేరే సంగతి వల్ల వచ్చింది. వయసులో ఉండగా తన మనసు మగవాళ్ల మీదకే పోతోందని అక్కతో చెప్పుకున్నాడు. అక్క భయపడి మందిరానికి తీసుకెళ్లింది. అక్కడ ఒక పద్ధతి ఉండేది. మారవలసినవాడికి కడుపునిండా పెట్టేవారు, అతని తరఫున ఇంట్లో ఒకరు పస్తుండాలి. అక్క పస్తులుంది. ఒకరోజు బాబాయి అందరి ముందూ నిలబడి మారానన్నాడు. ఆ తర్వాత అలాంటి బిడ్డ ఏ ఇంట కనిపించినా, ఆ తల్లికి ధైర్యం చెప్పడానికి అతన్నే పిలిచేవారు. ఈసారి వెనక వీధి టీచరమ్మ వంతు. కొడుకు కోసం పస్తు మొదలుపెట్టేసిందట. సాయంత్రం వెళ్లి సాక్ష్యం చెప్పాలి.

ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ప్రార్థనతో మారారని పేరుపడ్డవాళ్లు ఇన్నేళ్ల తర్వాత ఎలా ఉన్నారో తెలుసుకోవడం ఆమె పరిశోధన. బాబాయి పటకారుతో పాత మేకులు పీకుతున్నాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని సోఫాకి కుట్టే గుండీలకు గుడ్డ చుడుతోంది.

"మీతో ఒంటరిగా మాట్లాడొచ్చా, బాబాయ్?"

"అడుగమ్మా. అక్కకి సరిగా వినబడదులే."

"నీ గొణుగుడు ఒక్కటే వినబడదు," అంది అక్క.

బాబాయి నవ్వి, ఆ అమ్మాయి పెట్టిన రికార్డరు ముందు ఎప్పుడూ చెప్పే సాక్ష్యం అప్పజెప్పాడు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలు, తడుముకోకుండా వచ్చేశాయి. ఆ అమ్మాయి చివరిదాకా విని, "ఆ రోజే ఎందుకు చెప్పారు? అంతకుముందు రోజు ఏం జరిగింది?" అంది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. బాబాయి పటకారు కింద పెట్టాడు. ఇక అబద్ధం ఆడే ఓపిక లేదనిపించింది.

"అక్క మెట్ల మీద తూలి పడిపోయింది. అప్పటికే ఎండుపుల్లలా అయిపోయింది. తమ్ముడు మారేదాకా ముద్ద ముట్టనంది. మర్నాడు మారానన్నాను. ఇంటికొచ్చి తిన్నది."

"మరి, మారారా?"

"లేదమ్మా. వీసమెత్తు కూడా."

అక్క వైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

"నాకు తెలుసురా," అంది అక్క, చేతిలోని గుండీ వంకే చూస్తూ. "నీ మొహం చూస్తే తెలీదా?"

"ఎప్పట్నుంచే?"

"అప్పుడే. మందిరం మెట్లు దిగుతుంటేనే. మళ్లీ అడిగితే నిజం చెప్పేస్తావేమోనని అడగలేదు. ఆకలేసిందిరా."

బాబాయి ముఖం తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి రికార్డరు ఆపబోయింది.

"ఉండనీ తల్లీ," అంది అక్క. "మారినవాళ్లనే అడుగుతున్నావా, పస్తులున్నవాళ్లని కూడా అడుగుతున్నావా?"

"ఇంతవరకు అడగలేదు పెద్దమ్మా."

"అడుగు మరి."

అక్క గోడ పట్టుకుని లేచి చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికే?" అన్నాడు బాబాయి.

"టీచరమ్మ దగ్గరికి. సాయంత్రం దాకా ఎందుకు, పాపం, పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండదు. నువ్వూ రా. ముందు నేను మాట్లాడతాను."