చలిని లోపల పెట్టి తలుపేసిన పెళ్ళికొడుకు

మాస్కులు ముక్కు మీంచి గడ్డం మీదికి జారిపోయిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై ఆరేళ్ళ వయసు, దుబాయ్‌కొచ్చి రెండేళ్ళు, చేతిలో ఒక పని. అన్నీ తెలిసిపోవడానికి మనిషికి ఇంకేం కావాలి! నా పని కోల్డ్ స్టోరేజీలు కట్టడం. చేపలూ మాంసమూ ఉంచే పెద్ద గదులకు నురుగు నింపిన రేకు పలకలు బిగించి, సందులన్నీ పూడ్చి, లోపలి గాలి బయటికి, బయటి గాలి లోపలికి పోకుండా చేయడం. నేను మూసిన సందులోంచి చీమ కూడా దూరదని మా ఫోర్‌మన్ నలుగురిలో మెచ్చుకునేవాడు. నా కొంప ముంచింది ఆ పనితనమే.

దుబాయ్ అని పేరేగానీ, ఉండేది అక్కడికి గంటన్నర దూరంలోని అల్ ఐన్‌లో, ఒక విల్లా వెనకవైపు గ్యారేజీలో. ఆ విల్లాలో డ్రైవరుగా చేసే కరీంనగర్ భాయ్ తన కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, బతిమాలి నాకు ఇప్పించాడు. ఒక మంచం, ఒక పెట్టె, నేల మీద పాత కారు వదిలిపోయిన నూనె మరక, ఎదురుగా షట్టరు. ఆ షట్టరు కింద బెత్తెడు సందు. (ఎడారిలో చలేమిటని నవ్వకండి. జనవరిలో వచ్చి ఆ సందు పక్కన ఒక్క రాత్రి పడుకోండి, తర్వాత మాట్లాడుకుందాం.) అయినా అదంటే నాకు ఇష్టంగానే ఉండేది. పొద్దున్నే షట్టరెత్తితే ఖర్జూరపు తోటల మీద మంచు పలచగా పరుచుకుని, ఎవరో నీళ్ళు వదిలిన కాలవ చప్పుడు వినిపిస్తూ, నేనింకా నిద్రలోనే ఉన్నానా అనిపించేది.

అప్పుడే రాయచోటి నుంచి సంబంధం వచ్చింది. వీడియో కాల్‌లో అమ్మాయి తలొంచుకుని ఒకే ఒక్క మాట అడిగింది: "ఆడ రాత్రిళ్ళు సలిగా ఉంటాదంట గదా?" రెండేళ్ళలో ఆ సంగతి నన్నడిగిన మనిషి లేడు. అందరూ ఎంత పంపుతావనే అడిగారు. నేను కరిగిపోయాను. కరిగిపోయినవాడి నోట్లో నిజం నిలవదు కాబోలు, "సలా? మా రూములోకి రానే రాదు. దుప్పటి కూడా అక్కర్లేదు" అనేశాను. గ్యారేజీ అనలేదు, రూము అన్నాను. వెంటనే వాళ్ళ నాన్న ఫోను తీసుకుని, "మా తమ్ముడు ఆడ్నే, దుబాయ్ పక్క జెబెల్ అలీలో ఉండాడు. ఆదివారం వచ్చి నీ రూము చూస్తాడు. వాడు సరేనంటే మాకూ సరే" అన్నాడు.

శనివారం పనయ్యాక, ఫోర్‌మన్‌నడిగి తెచ్చుకున్న పలకల ముక్కలూ, వెండి రంగు టేపూ, నురుగు డబ్బాలూ వేసుకుని కూర్చున్నాను. ఒక్కో ముక్క అంటిస్తుంటే నా కళ్ళ ముందు అమ్మాయి ఆ మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. ఇంకో ముక్క అంటిస్తే గోడకు అద్దం వచ్చింది. షట్టరు కింద సందు పూడ్చేసరికి మాకొక పాప కూడా పుట్టింది. కరీంనగర్ భాయ్ చాలాసేపు చూసి, "గిదంతా మంచిగనే ఉంది తమ్మీ, మరి వేడి యాడికెళ్ళి వస్తది?" అనడిగాడు. "బయటి చలి లోపలికి రాకపోతే లోపలుండేది వేడే గదా భాయ్! ఇది మా లైను" అన్నాను జాలిగా. ఆయన "నీ లైను నాకేం ఎరుక, యల్లా, ఇగ పోత" అంటూ వెళ్ళిపోయాడు.

నురుగు వాసన ముక్కు పగిలేలా ఉంది. పక్కనున్న చిన్న తలుపు తెల్లార్లూ తీసిపెట్టి, నేను భాయ్ గదిలో ముడుచుకుని పడుకున్నాను. తెల్లవారుజామున నమాజు అయ్యాక, వాసన పోయిందని తృప్తిపడి, ఆ తలుపు కూడా బిగించి చుట్టూ టేపు అంటించేశాను. (అల్ ఐన్‌లో రోజు మొత్తం మీద అన్నిటికన్నా చల్లని ఘడియ అదే. రాత్రంతా వచ్చి చేరిన చలిని నేను స్వహస్తాలతో లోపల పెట్టి సీలు వేశానన్నమాట.) ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎండలో కాపలా కూర్చున్నాను. భాయ్ ఒకసారి తీసి చూద్దామంటే, "వద్దు, వేడి పోతాది" అని అడ్డుపడ్డాను.

పన్నెండు దాటాక అమ్మాయి చిన్నాయన వచ్చాడు. పొట్టి చేతుల చొక్కా, నుదుటి మీద చెమట. "రా మామా" అని టేపు పీకి తలుపు తీశాను. మొహం మీద ఫ్రిజ్ తెరిచినట్టయింది. మామ మంచం మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని, "ఏందబ్బీ ఇంత సల్లగుండాది?" అన్నాడు.

"ఏసీ మామా."

"యాడుంది?"

నాలుగు గోడలూ చూశాను. ఆయనా నాతోపాటే చూశాడు. ఏసీ లేదు. కిటికీ కూడా లేదు. అప్పుడాయన చూపు నూనె మరక మీద ఆగింది. ఇక నావల్ల కాలేదు. "ఇది రూము కాదు మామా, గ్యారేజీ. వెచ్చగుంటాదని అమ్మితో చెప్పినా. వెచ్చగా చేద్దామనే ఇదంతా చేసినా. నాకు ఇదే తెలుసు" అన్నాను. నా సంబంధం అక్కడితో ఖలాస్ అనుకున్నాను. ఏడుపొచ్చింది, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

ఆయన పళ్ళు టకటకలాడుతుండగా, "ముందు ఆ షట్టరెత్తు. సచ్చేట్టుండాను" అన్నాడు. నేను అంటించినవన్నీ ఇద్దరం కలిసి పీకాం. షట్టరు లేచేసరికి ఎండ వచ్చి మోకాళ్ళ దాకా పరుచుకుంది. మంచం గడప దగ్గరికి లాగి కూర్చున్నాం. గువ్వలు కూస్తున్నాయి. మామ కళ్ళు మూసుకునే, "పదకొండేండ్లయ్యె నేనొచ్చి. మా ఇంట్లో ఫ్లాటు అని చెప్పినా. ఎనిమిది మందిమి ఒక రూములో, నాది పైమంచం. ఇంతవరకూ ఎవురికీ చెప్పలా" అన్నాడు. అని, తానే నవ్వాడు.

ఆ తర్వాత అన్నకు ఫోను కలిపాడు. రూము ఎట్లుండాదని అవతలి నుంచి గట్టిగానే అడిగారు. మామ నా వంక చూసి, "రూము సంగతి నాకొదిలెయ్ అన్నా. పిల్లోడు ఒక అబద్ధం చెప్పి రెండు నిమిషాలు కూడా దాసుకోలేకపాయె. అమ్మికి ఇంతకంటే ఏం కావల్ల? ఇచ్చెయ్" అన్నాడు.

ఆ అమ్మి ఇప్పుడు నాతో ఇక్కడే ఉంది. నేనూ కొంచెం ఆరితేరాను, రెండు నిమిషాలేమిటి, రెండు వారాలైనా దాచగలుగుతున్నాను. దాచిన ప్రతిసారీ, ఆ గ్యారేజీలో వణుకుతూ నిజం కక్కేసిన కుర్రాడికే గదా పిల్లనిచ్చారు, ఇప్పటి నాకు కాదు గదా అనిపించి, నాలో నేనే కాస్త నవ్వుకుంటాను.