అలమర కాళ్ల కింది నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంగళవారమంటే గిన్నెలు ఎండగట్టే రోజు. రంగూన్‌లో, పజుండౌంగ్ వాగు పక్కన మాది రెండు గదుల చెక్క ఇల్లు. అన్నం, కూరలు దాచుకునే జాలీ అలమరకి చీమలు పట్టకుండా దాని నాలుగు కాళ్ల కింద నాలుగు పింగాణీ గిన్నెలు పెట్టి నీళ్లు పోసేవాళ్లం. ఆ వీధిలో అందరి ఇళ్లలోనూ అంతే. మంగళవారం పొద్దున్నే నేను బోర్లా పడుకుని ఆ నీళ్లన్నీ గుడ్డతో పీల్చి, గిన్నెల లోపల పీచుతో గట్టిగా తోమి, మళ్లీ తాజా నీళ్లు పోసేదాన్ని. దోమగుడ్లు గిన్నె గోడకే అంటుకుని ఉంటాయని, తోమకపోతే పోవని మా తాతయ్య చెప్పేవాడు.

తాతయ్యకి సేక్కాన్ రేవులో ఉద్యోగం. దూరదేశాల ఓడ ఏదైనా నదిలో లంగరు వేస్తే చిన్న పడవలో దాని దగ్గరికి వెళ్లేవాడు. నావికులు టీకా వేయించుకున్న పచ్చకార్డులు చూసి, నీళ్ల పీపాల్లో, బకెట్లలో టార్చిలైటు వేసి దోమపురుగులు వెతికేవాడు. ఆయన ఆపాలని చూసింది పచ్చజ్వరాన్ని. అది ఆఫ్రికా వైపు ఉండే జబ్బు. ఒళ్లు పచ్చబడి, నల్లవాంతి అయి మనుషులు పోతారు. మా దేశంలోకి అది ఎన్నడూ రాలేదు. కానీ దాన్ని మోసే దోమ మాత్రం మా ఇళ్లలోనే ఉంది.

"అగ్గిపుల్ల ఆ ఓడలో ఉంటాది. ఎండుగడ్డి మనింట్లో ఉంది. పుల్లని నాను ఆపుతాను, గడ్డి నువ్వు తియ్యాల" అనేవాడు నాతో.

వీధిలో బర్మా వాళ్లు ఆయన్ని ఛిన్ ఊలే, అంటే దోమల బాబాయి అని పిలిచేవారు. ఆయన కోపగించుకునేవాడు కాదు. గిన్నెలో పురుగులు దొరికిన వారం వాటిని గాజుగ్లాసులో పోసి, పైన పలచని గుడ్డ కట్టి, కిటికీలో పెట్టేవాడు. మూడు రోజులు ఆగితే నల్లటి దోమలు బయటికొచ్చేవి. వాటి కాళ్ల మీద తెల్లటి పట్టీలు ఉండేవి.

"సూడండే, తెల్ల మేజోళ్లేసుకుని బడికెల్లే పిల్లనాగ ఉంది."

"జోళ్లు నేవా తాతా దానికి?" అని మా చెల్లి అడిగింది. దానికి అప్పుడు అయిదేళ్లు. తాతయ్య ఆ మాట రేవులో అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాడు.

అవి దేశం తలుపులు మూసుకుని కూర్చున్న ఏళ్లు. ఓడలు రావడమే తగ్గిపోయింది. ఒక వర్షాకాలం మొదట్లో మిల్లుల్లో, రేవుల్లో సమ్మెలు మొదలయ్యాయి. వీధుల్లోకి సైన్యం వచ్చింది. మా నాన్న పనిమీద మౌల్మేన్ వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆఫ్రికా తీరం నుంచి ఒక ఓడ వచ్చి నది మధ్యలో ఆగింది. తాతయ్య సంచి సర్దుకున్నాడు.

"ఊరు తగలడిపోతంటే మీకు దోమలేటి మావయ్యా?" అంది అమ్మ.

"దోమలు సమ్మె సెయ్యవు కదమ్మా" అని గడప దాటి, నా వైపు తిరిగాడు. "మంగళారం మర్సిపోకు గుంటా."

ఆ సాయంత్రమే రేవు గేట్లు మూసేశారు. నెలరోజుల పైనే ఆయన ఇంటికి రాలేకపోయాడు.

మొదటి మంగళవారం గిన్నెలు తోమాను. రెండోదానికి వంతెన వైపు తుపాకులు మోగుతుంటే అమ్మ మమ్మల్నిద్దర్నీ మంచం కిందికి తోసింది. మూడోదానికి కుళాయి ఎండిపోయింది. నీళ్లు మోసే మనిషి రావడం మానేశాడు, వాన కూడా మొహం చాటేసింది. గిన్నెలు ఎండగడితే మళ్లీ నింపడానికి అమ్మని నీళ్లు అడగాలి. చెంబెడు నీళ్లకి అమ్మ ఎలా విసుక్కుంటోందో చూస్తున్నాను. అడగలేదు. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఈలోగా తాతయ్య రేవు మనిషి ఒకరిచేత చీటీ పంపాడు. మంగళవారాలు జరుగుతున్నాయా అని అందులో ఉంది. అమ్మ పెన్సిలు పట్టుకుని నన్నడిగింది.

"ఏటి రాయమంటావే?"

"జరగతన్నాయని రాయమ్మా" అన్నాను.

నాలుగో వారం దాటాక చెల్లికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఒళ్లు పెనంలా కాలిపోయింది. అయిదోరోజు పొద్దున్న జ్వరం దిగిపోయింది. అమ్మ మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పి, జావ కాచింది. ఆ మధ్యాహ్నమే గేట్లు తెరిచారు, తాతయ్య వచ్చాడు. అమ్మ సంతోషంగా ఎదురెళ్లింది. ఆయన మాత్రం చెల్లి పాదాలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"జొరం దిగితే కాళ్లిలగ సల్లబడిపోయాయేటమ్మా?"

"తాతా, కడుపు నొప్పి" అంది చెల్లి. వెంటనే వాంతి చేసుకుంది. అది నల్లగా ఉంది.

ఆయన ఉద్యోగమంతా ఏ నల్లవాంతికి భయపడి ఓడలు వెతికాడో అది ఆయన పంచె మీద పడింది. కానీ జబ్బు పచ్చజ్వరం కాదు. అదే దోమ మోసే మరో జ్వరం, నెత్తుటి డెంగీ జ్వరం. దానికి ఓడ అక్కర్లేదు, అప్పటికే అది మా ఊళ్లో ఉంది. "బేగి సైకా పిలండే" అని ఆయన అరిచాడు, అలాంటి అరుపు ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఎదురింటి సైకా రిక్షా ఆయన తన పక్కబండిలో తాతయ్యని, చెల్లిని ఎక్కించుకుని, హ్యాండిల్‌కి తెల్లగుడ్డ కట్టుకుని తొక్కాడు. వంతెన దగ్గర సైనికులు ఆపారు. ఎంతసేపు ఆపారో తాతయ్య మాకు చెప్పలేదు. ఆసుపత్రి వరండా నిండా తూటాలు తగిలినవాళ్లే. ఆ గందరగోళంలోనే ఒక డాక్టరమ్మ చెల్లికి సెలైన్ ఎక్కించింది. మర్నాడు మధ్యాహ్నం చెల్లి చనిపోయింది.

సమాధి చేసి వచ్చాక మంగళవారం వచ్చింది. నేను అలమర కింద బోర్లా పడుకున్నాను. నాలుగు గిన్నెల్లోనూ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. తాతయ్య నా పక్కన నేలమీద కూర్చున్నాడు.

"తాతా, నాను ఎండగట్టనేదు. సీటీలో అబద్దం రాయించీసినాను."

ఆయన లేచాడు. గ్లాసు తెచ్చి, ఆ నీళ్లు అందులోకి తీసి, కిటికీ వెలుతురులో చాలాసేపు చూశాడు.

"ఇవి ఆ దోమలు కావే గుంటా. ఇవి మురిక్కాలవ దోమలు. సంటిదాన్ని బయటెక్కడో కుట్టింది. మనింట్లో కాదు."

ఆ నీళ్లు పెరట్లో పారబోసి, నా తల నిమిరాడు. నేను నమ్మాను. ఆ రోజు అన్నం తిన్నాను.

పెద్దయ్యాక పత్రికలో చేరాను. చాలా ఏళ్ల తర్వాత ఒక వర్షాకాలం దోమల జ్వరాల గురించి వార్త రాస్తూ, మురికికాలవ దోమ తేటనీళ్ల గిన్నెల్లో గుడ్లు పెట్టడం అరుదని రాశాను. ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది నాకు కొత్త సంగతి కాదు, చిన్నప్పుడు తాతయ్యే చెప్పాడు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ప్రతిసారీ గ్లాసుకి గుడ్డ కట్టి మూడు రోజులు ఆగే మనిషి, ఆ ఒక్కసారి ఆగలేదు.

చెల్లిని కుట్టిన దోమ ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు. మా గిన్నెలో కావచ్చు, కాకపోవచ్చు. ఆయనకీ తెలియదు. తెలియకుండానే ఉంచేశాడు, నాకోసం. తర్వాత కూడా ఆయన ఓడలకి వెళ్తూనే ఉన్నాడు. పచ్చజ్వరం ఆయన బతికుండగా రేవు దిగలేదు. గిన్నెల ఊసు మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇతరుల వార్తల్లో తప్పులు దిద్దడమే నాకు తిండి పెట్టింది. ఆయన చెప్పిన ఆ ఒక్కమాటని మాత్రం దిద్దలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో జాలీ అలమర లేదు. మంగళవారం పొద్దున్న పూలకుండీల కింది పళ్లేలు తీస్తాను. ఎప్పుడైనా పురుగులు కనిపిస్తే గ్లాసులోకి తీసుకుని కిటికీ దగ్గర పట్టుకుంటాను. గుడ్డ మాత్రం కట్టను. మూడు రోజులు ఆగను. పారబోసేస్తాను.