గడ్డికి వేసిన మంచం

మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే అమ్మాయి ఈమధ్య తన వెనక గదిలో పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టింది. కరీంనగర్ ఎండలకు జడిసి కిటికీలకు తడి గోనెసంచులు కట్టి, గడ్డి కూరిన పాలిథిన్ సంచులను దూలానికి ఉట్లలాగా వేలాడదీసింది. చూసి పొమ్మని పిలిస్తే పోయిన నెల ఒక పొద్దున వెళ్లాను. గడప దాటగానే తడిసి మాగిన వరిగడ్డి వాసన తగిలింది. దగ్గరికి పోయి చూస్తే సంచి లోపల గడ్డిపోచల మీదుగా సన్నటి తెల్లని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని పాకుతున్నాయి. ఆ అమ్మాయి ఏదో చెబుతూనే ఉంది గాని నాకు సగం చెవికెక్కలేదు. నా చెయ్యి దానంతటదే పోయి సంచికి ఆనింది, వెచ్చదనం చూడడానికి. అట్లా చెయ్యి ఆనించి దాదాపు నలభై ఏళ్లు అయింది.

అప్పుడు మేము లక్సెట్టిపేటలో ఉండేవాళ్లం. బాపు నేతగాడు. ఇంట్లో ముందు అర్రలో గుంటమగ్గం, దాని పక్కన అవ్వ, మేము అమ్మను అట్లాగే పిలిచేవాళ్లం, కండెలు చుట్టే రాట్నం, మూలకు మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, ఆమె చాప, ఇంతే మా లోకం. నేను బడికి పోయింది తక్కువ. లెక్క నాకు పలక మీద రాలేదు, పడుగు పోగులు లెక్కపెట్టగా పెట్టగా వచ్చింది. చీరకు ఎన్ని పోగులు కావాలో, ఎంత నూలు తెస్తే ఎన్ని చీరలు దిగుతాయో బాపు నన్నే అడిగేవాడు. పదిహేనేళ్ల పిల్లను అడిగి నూలు కొనే నేతగాడు ఊళ్లో ఇంకొకడు లేడని వాడకట్టోళ్లు నవ్వేవాళ్లు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగులు సాచి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఎండ ఎక్కేలోపల ఆ పని అయిపోవాలి. బాపు పెట్టిన గంజికి మా వీధిలో పేరుండేది. ఆయన పడుగు మగ్గం మీద తెగదని చెప్పుకునేవాళ్లు.

ఒక చలికాలం అవ్వకు దగ్గు పట్టుకుంది. చలి పోయింది గాని దగ్గు పోలేదు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా మేనమామ వచ్చి, చెల్లెలి మొహం చూసి, మరునాడే అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తి దెబ్బతిన్నదని, మందుల కన్నా ముందు ఒంట్లోకి సత్తువ రావాలని, గుడ్లు, మాంసం పెట్టమని డాక్టరు చెప్పి పంపాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. అవ్వ పుట్టినిల్లు బాసర దిక్కు. ఆ ఇంట్లో అందరూ తులసిమాల వేసుకుని ఏటా పండరిపురం నడిచిపోయేవాళ్లు. నీసు మాట అటుంచి, తొలకరికి పుట్టల మీద లేచే పుట్టకొక్కులను కూడా ముట్టరు. అవ్వ మెడలో ఆ మాల చిన్ననాడు పడ్డది.

మందనుకుని తినమని బాపు బతిమిలాడాడు. అవ్వ మాల పూసలను వేళ్ల మధ్య తిప్పుతూ, "దేవునికి మాటిచ్చి, గిప్పుడు మందని అబద్ధమాడుమంటవా?" అని అడిగింది. బాపు ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. గేదె పాలు ఎంత పోసినా అవ్వ కడుపులో నిలిచేవి కావు.

ఆ ఎండాకాలంలోనే మా ఊరికి కొత్త గ్రామసేవకుడు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, సైకిలు మీద తిరుగుతూ అందరినీ అండీ అండీ అని పలకరించేవాడు. ఎరువుల సంగతి చెప్పడానికి వచ్చి, మా ఇంట్లో దగ్గు విని ఆగి, వరిగడ్డి మీద పుట్టగొడుగులు పండించవచ్చని, మాంసంలో ఉండే సత్తువ వాటిలో కొంత ఉంటుందని చెప్పాడు. వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి విత్తనం సీసా తెప్పించి ఇచ్చాడు. విత్తనమంటే గింజలు కావు. సీసా నిండా బూజు పట్టిన గడ్డి. దాన్ని చూసి బాపమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది కూరగాయల్ల లెక్కనా, నీసుల లెక్కనా?" అని ఆమె అడిగింది. అవ్వ సీసాను వెలుగుకు ఎత్తి చూసి, "గడ్డిల పుట్టినదానికి గడ్డి కులమే. నేను తింట," అన్నది. బాపు మగ్గం దిగి పెరట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగి వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉన్నాడు.

గ్రామసేవకుడు చెప్పినట్లే అంతా చేశాం. మగ్గం గుంట పక్కన ఎప్పుడూ చెమ్మగా, వెచ్చగా ఉంటుంది కనుక అక్కడే ఇటుకల మీద వెదురు తడక పరిచి, నీళ్లలో నానబెట్టిన గడ్డికట్టలను అడ్డం ఒక వరుస, నిలువు ఒక వరుస పేర్చి, అంచుల వెంట సీసాలోది చిదిమి పెట్టి, పైన కందిపప్పు పొడి చల్లి, గోనెసంచి కప్పాం. చాప మీద పడుకున్న అవ్వ అదంతా చూస్తూ, "నాకేమో కటిక నేల, గడ్డికేమో మంచమేసిండ్రు. గీ ఇంట్ల పెద్దకోడలు గడ్డే," అన్నది. బాపమ్మ నవ్వింది. దగ్గు మొదలైన తర్వాత ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది ఆ రోజే.

నేను ఊరికే ఉండే పిల్లను కాదు. ఒక మంచానికి ఎంత దిగుతుందో గ్రామసేవకుణ్ణి అడిగి తెలుసుకుని, వారానికొకటి చొప్పున మూడు మంచాలు వేస్తే ఒకటి ముగిసేసరికి ఇంకొకటి అందుకుంటుందని, అవ్వకు పూటకొక పిడికెడు తప్పకుండా వస్తుందని లెక్క కట్టాను. బాపు ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుని, ఇంకో సీసా రాగానే రెండోది వేద్దామన్నాడు.

వారం దాటేసరికి గోనెసంచి కింద గడ్డంతా తెల్లని పోగులు పాకాయి. అవ్వను లేపి కూర్చోబెట్టి చూపించాం. "నూలు వడికినట్టే ఉన్నది," అని ఆమె ఒక్క మాట అన్నది. ఆ మాట బాపు మనసులో ఎక్కడో నాటుకుంది. పుట్టినప్పటి నుంచి పోగుల మధ్య బతికిన మనిషి. పోగు సన్నగా కనిపిస్తే ఆయన చెయ్యి గంజి కుండ కోసం వెతుకుతుంది. మరునాడు పొద్దున పడుగుకు కాచిన గంజిలోంచి చిక్కటి గంజి ఒక ముంత తీసి, చల్లార్చి, పసిపిల్లకు పాలు పట్టినంత పదిలంగా ఆ గడ్డి మంచం మీద పోశాడు. నీళ్లు తప్ప మరేమీ పోయవద్దన్నారు కదా అని నేనంటే, "పోగంటె పోగే బిడ్డా. గంజి తాగని పోగు ఏడ నిలుస్తది?" అన్నాడు. గంజి సంగతిలో బాపుకు ఎదురు చెప్పేంత లెక్క నా దగ్గర లేదు.

నాలుగు రోజులకు మొలకలు లేచాయి. సన్నని కాడలు, బూడిద రంగు టోపీలు. మేము సంబరపడ్డాం. మధ్యాహ్నానికి ఆ టోపీలు నల్లబడి, సాయంత్రానికి సిరాలాగా కరిగి గడ్డి మీద కారాయి. గ్రామసేవకుడు వచ్చి చూసి, "ఇవి తినేవి కావండీ, కలుపు. దీని మీద ఏమైనా పోశారా?" అని అడిగాడు. బాపు కుళ్లిన గడ్డిని గంపకెత్తి దిబ్బలో పోసి వచ్చి, అవ్వ చాప పక్కన కూర్చుని, తానే పాడుచేశానని చెప్పాడు. అవ్వకు అప్పటికి మాట మెల్లగా వస్తుండేది. "నీ గంజి తాగిన పడుగు ఇన్నేండ్లల్ల ఎన్నడన్న తెగిందా? గడ్డికి దాని విలువ తెల్వలే. జర ఫికర్ చెయ్యకు, మళ్ల వేద్దువు," అన్నది.

రెండో సీసా రావడానికి నెల పట్టింది. ఆ నెలలో అవ్వ ఎంత చిక్కిపోయిందో నేను ఏ లెక్కతోనూ చెప్పలేను. మళ్లీ మంచం వేశాం. ఈసారి బాపు దాని దగ్గరికి కూడా రాలేదు. మగ్గం మీద కూర్చుని దూరం నుంచే చూసేవాడు. నీళ్లు చల్లింది, వెచ్చదనానికి చెయ్యి ఆనించి చూసింది నేనే. పొద్దున కళ్లు తెరవగానే అవ్వ, "వచ్చినయా?" అని అడిగేది. "రాలే అవ్వా, పోగు పాకుతున్నది," అనేదాన్ని. అట్లా అడుగుతూ అడుగుతూ ఒక పొద్దున అడగలేదు.

పిట్టకు పెట్టేది మూడోనాడు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, కాష్ఠం దగ్గర ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడడం మన దిక్కు ఆచారం కదా. ఆ తెల్లవారుజామున ఎవరో కాలు తగిలించగా గోనెసంచి జారిపోయింది. చూస్తే గడ్డి అంచుల వెంట కోడిగుడ్లలాగా బొద్దుగా, ముట్టుకుంటే గట్టిగా, పుట్టగొడుగులు. నా లెక్క ప్రకారం ఎన్ని రావాలో అన్నీ వచ్చాయి. బాపు ఎవరినీ ముట్టనివ్వలేదు. తానే తెంపాడు, తానే కడిగాడు, ఎన్నడూ పొయ్యి ముందు కూర్చోని మనిషి తానే వండాడు.

కాకి వచ్చింది. అన్నం ముట్టింది, పప్పు ముట్టింది, బెల్లం ముక్క ఎత్తుకుని చెట్టు మీదికి పోయి మళ్లీ దిగింది. ఆ కూర దిక్కు మాత్రం పోలేదు. బాపు ఆకును మెల్లగా తిప్పి కూరను ముందుకు జరిపాడు. అయినా ముట్టలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. లేవమని మేనమామ భుజం పట్టుకున్నా బాపు కదలలేదు. చివరికి బాపమ్మ కొడుకు పక్కన కూలబడి, "ఎన్నడు తినని రుచిని అది ఎట్ల అడుగుతది కొడుకా? లే," అన్నది. అప్పుడు ఏడ్చాడు బాపు.

ఆ తర్వాత ఆయన పడుగుకు గంజి పట్టించలేదు. వానలు వెనక్కు పట్టగానే మేనమామ వెంట బెల్లంపల్లి పోయి బాయి పనిలో చేరాడు. మగ్గం గుంటను మట్టి పోసి పూడ్చాం. ఆ వీధిలో ఇప్పుడు పడుగు సాచేవాళ్లు లేరు. తెల్లవారుజామున గంజి వాసనతో నిద్రలేవడం ఎట్లా ఉంటుందో చెబితే మా మనుమలు కథ అనుకుంటారు. ఒకప్పుడు ఒక సీసా కోసం నెల రోజులు కళ్లలో వత్తులు వేసుకున్న వస్తువు నేడు కూరగాయల బండి మీద అన్ని కాలాల్లో దొరుకుతున్నది. పారేసేవాళ్లు పారేస్తున్నారు కూడా.

రెండిళ్ల అవతలి అమ్మాయి నిన్న తొలి పంట ఒక డబ్బాలో పెట్టి పంపింది. కూరకు తరుగుదామని కూర్చుని, ఇంట్లో ఉన్నవాళ్లకు తలా కాస్త అని భాగాలు పెట్టాను. పక్కన ఒక పిడికెడు ఎక్కువ వచ్చింది. అది ఎవరికని మా కోడలు అడిగింది. ఈ ఇంట్లో పాలవాడి లెక్క నుంచి పెళ్లి ఖర్చుల లెక్క దాకా నేను తప్పగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"లెక్క తప్పింది బిడ్డా," అన్నాను.