పంటు ఆగే మాట మడతలో పెట్టాను

ఆరేళ్లుగా దీన్ని గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నానంటే చేతులు ఆగడం లేదు. తప్పులు పడుతున్నా వెనక్కి చూడకుండా టైపు చేసేస్తున్నాను.

మాది సఖినేటిపల్లి. రేవు నుంచి గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే బల్లకట్టు, దాని వేళలకి నేనొక వెబ్‌పేజీ చేశాను. అబ్బ, ఎంత సంబరమో! వేళలు పైన పెట్టి, మిగతాదంతా మడతపెట్టేశాను. శీర్షిక నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. నేనే పదిసార్లు నొక్కి మురిసిపోయాను. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పాటు వేళ రేవులో నీరు బాగా తీసేస్తే పంటు ఇసుకలో కూరుకుపోతుంది, మళ్లీ నీరొచ్చేదాకా ఆపేస్తారు. ఆ ముక్క కూడా "ఇతర వివరాలు" కింద మూసేశాను. పంటు నడిపే బాబాయిగారు పైన పెట్టమన్నారు. వినలేదు. రేవు మనిషిని కదా, ఇది తెలియనివాళ్లుంటారా అనుకున్నాను. నిజంగా అందుకేనా? కాదు. పేజీ అందం పోతుందని.

ఒక పౌర్ణమి పొద్దున్న రేవులో ఉన్నాను. ఎప్పుడూ ఆ దారిన రాని ఒకావిడ, కూతురితో ఆటో దిగింది. ఇంకో గంటలో అవతలి ఒడ్డున అమ్మాయికి నర్సింగు ప్రవేశ పరీక్ష. పంటు ఆగి ఉంది.

"ఫోన్లో చూసుకునే వచ్చేమండీ. ఆగుతుందని ఎక్కడా లేదండీ!" అంది నాతో.

"ఉందండీ. కింద నొక్కితే వస్తుంది. సరిగ్గా చూసుకోకపోతే ఎలాగండీ?" అన్నాను.

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఆ మాత్రం చూళ్లేవుటే?"

"చూసేనమ్మా," అంటూ ఏడ్చేసింది ఆ పిల్ల.

వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడానికి వేళ మించిపోయింది. పేజీ నాదేనని నోరు విప్పలేదు. భయమా? అంతకన్నా సిగ్గుచేటు. పిల్ల ఏడుస్తుంటే నేను నా పేజీని వెనకేసుకొచ్చాను.

ఇవాళ పొద్దున్న ఆ మడత విప్పేశాను! పంటు ఎప్పుడు ఆగుతుందో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో పెట్టాను. మోటారు సైకిలు ఎక్కించే పద్ధతి మాత్రం మూసే ఉంచాను, బండి ఉన్నవాళ్లు నొక్కుకుంటారు. శీర్షిక కూడా "బండితో వస్తున్నారా?" అని మార్చాను, లోపల ఏముందో బయటికే తెలిసేలా. అందరూ చూడవలసింది మూయకూడదు. ఇంతే! దీనికి ఒక పిల్ల పరీక్ష పోవాలా?

ఆమె మళ్లీ రాసిందో లేదో తెలియదు. వాళ్లమ్మ ఇంకా దెప్పుతోందేమో. హమ్మయ్య, ఇన్నాళ్లకి ఈ మాట అనగలుగుతున్నాను: ఆ అమ్మాయి సరిగ్గానే చూసింది. మూసిపెట్టింది నేను.