కల్లు మండువలో ఒక వరుస

మొన్న మనవరాలు నన్ను మా వీధి చివర తెరిచిన ఇటలీ భోజనశాలకు తీసుకుపోయింది. అక్కడ తిండి కంటే వైనుకే మర్యాద ఎక్కువ. వడ్డించేవాడు సీసా తెచ్చి, అది ఏ కొండవాలున పండిన ద్రాక్షో పురాణం చెప్పి, నా గ్లాసులో గుక్కెడు పోసి, రుచి చూసి సరే అనమన్నాడు. దేవుణ్నే ఒప్పుకోని నన్ను సీసా ముందు భక్తితో కూర్చోబెట్టారే అని నవ్వొచ్చింది. చుట్టూ చూశాను. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అక్కడ ఎవరికీ పట్టలేదు. నా నవ్వు ఆగిపోయింది.

పానగల్ అవతల మా ఊరి కల్లు మండువ కూడా తినడానికీ తాగడానికీ పేరుపడ్డదే. పులిసిన కల్లు వాసన, ఉడికించిన బొబ్బర్ల గుడాలు, కారం అద్ది కాల్చిన చేపలు. కాపులం తాటిచెట్ల నీడలో వరుసగా కూర్చుని ముంతలతో తాగేవాళ్లం. ఊరి బయట వాడలో ఉండే అంటరానివాళ్లు ఎండలో, కంచె దగ్గర, తాటాకు రేకలు పట్టుకుని కూర్చునేవారు. కల్లు గీసే గౌండ్లాయన వాళ్లకు తగలకుండా ఎత్తునుంచి పోసేవాడు.

దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం ఊళ్లోకి వచ్చింది, కోటలాంటి తన గడీ వదిలి దొర పట్నం పారిపోయాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. సంస్కరణ సభల్లో వాదించి నోరు పదునెక్కిన రోజులు. మా జీతగాడు వాడ మనిషి, నా ఈడువాడు. ఒక మధ్యాహ్నం అతణ్ని నా పక్కకు పిలిచాను.

"వద్దు చిన్నపటేలా, నాకు గీడ మంచిగనే ఉన్నది," అన్నాడు.

"ముంతకు కులమేందిరా? వచ్చి కూసో."

సమానత్వం బోధిస్తూనే 'రా' అంటున్నానని నాకు తట్టలేదు. గౌండ్లాయన, "ఇయ్యాల కల్లు కన్న చిన్నపటేలే ఎక్కువ పులిసిండు," అంటూ ముంత నింపాడు. జీతగాడు నా పక్కన కూర్చుని, ముంతను రెండు చేతులతో పట్టుకుని తాగాడు. ఆ రోజునుంచి అది అతని చోటయింది.

పోలీసు చర్య తర్వాత సంఘంవాళ్లను పట్టుకోవడానికి మిలిటరీ దిగింది, వాళ్ల వెనకే గడీ గుమాస్తా. మండువలో ఎక్కడివాళ్లను అక్కడే ఉండమన్నారు. గుమాస్తా మా వరుస చూపించి, వాడవాణ్ని కలుపుకుని కూర్చునేది సంఘంవాళ్లేనని అధికారికి ఉర్దూలో చెప్పాడు. నాకు ఉర్దూ వచ్చు, నా పక్కనున్న జీతగాడికి రాదు. నేను ముంత వదిలి, లేచి పోయి మా బాపు వెనక నిలబడ్డాను. చదువుకునే పిల్లవాడని, తన కొడుకని బాపు చెప్పుకున్నాడు. మిగతా కాపులూ ఒక్కొక్కరే జరిగారు. అతను మాత్రం నావైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. అతణ్ని లారీ ఎక్కించారు.

రెండేళ్లకు తిరిగొచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగదు. మండువకు వచ్చి కంచె దగ్గరే కూర్చున్నాడు. నేను పోయి మళ్లీ పిలిచాను. అతను కోపంగా కూడా అనలేదు.

"నువ్వు కూసోమంటె కూసున్న పటేలా. లేసేటప్పుడు గూడ జర చెప్పాల్సుండె."

ఆ తర్వాత ఏళ్లకేళ్లు సమానత్వం మీద రాశాను, సభల్లో మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. రాసిన ప్రతి మాటనూ దిద్దుకోవడానికి కాలం నాకు వ్యవధి ఇచ్చింది. నేను లేచి నిలబడ్డ ఆ క్షణాన్ని మాత్రం ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు.